పాత కారులోకి నీళ్లు వస్తుంటే సిలికాన్ కన్నా ముందు డ్రెయిన్లు చూడండి

సంపాదకులు గారికి,

నమస్కారమండి. వానాకాలం వస్తుందనగానే పేపర్లలో బండ్ల జాగ్రత్తల మీద వ్యాసాలు వస్తుంటాయి, టైర్లు చూసుకోండి, బ్రేకులు చూపించుకోండి, వైపర్ బ్లేడ్లు మార్చండి అని. అవన్నీ కావలసినవే. కానీ మా కోనసీమలో, ఆ మాటకొస్తే గోదావరి దాటి పాలకొల్లు, భీమవరం వైపు కూడా, పదేళ్లు దాటిన కారున్న ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి, వానలు పడగానే మొదట వచ్చే బాధ టైర్లది కాదు, కాళ్ల దగ్గర నీళ్లది. మ్యాట్ ఎత్తితే తడి, కార్పెట్ నొక్కితే నీళ్లు ఊరతాయి, డోరు తీయగానే ముక్కిపోయిన వాసన, పిల్లలు ఎక్కగానే తుమ్ములు. దీని గురించి ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

నాకు మండేది ఎక్కడంటే, నీళ్లు వస్తున్నాయని బండిని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల జరిగేది ఒకటే. "ఆయ్, పాత బండి కదండీ, ఎక్కడో చోట కారుద్దండి" అంటారు. ఒక సిలికాన్ ట్యూబు తెచ్చి ముందు అద్దం చుట్టూ పట్టిస్తారు, రూఫ్ మీద గీత కనిపిస్తే అక్కడ పట్టిస్తారు, డబ్బులు తీసుకుని పంపేస్తారు. తర్వాతి వానకు మళ్లీ అదే తడి. మళ్లీ వెళ్తే "ఇంక అమ్మేసుకోండి బాబాయిగారూ, దీని మీద ఎంత పెట్టినా దండగే" అనే సలహా. ఇంజను రాయిలా ఉన్న బండిని, గుప్పెడు చెత్త తీయకపోవడం వల్ల వచ్చిన నీళ్లకు భయపడి సగం ధరకు అమ్మేసుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు కదండీ.

కారు చేసే కంపెనీలకు వాన నీళ్లు లోపలికి దిగుతాయని ముందే తెలుసు. డోరు అద్దం పక్క నుంచి డోరు లోపలికి దిగుతాయి, వైపర్ల కింద జాలీలోంచి దిగుతాయి, ఏసీ వేస్తే నీళ్లు లోపలే పుడతాయి. వాటన్నిటికీ బయటికి పోయే కన్నాలు, పైపులు పెట్టే బండి తయారుచేస్తారు. డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాలా? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర నుంచి చూస్తున్నాం, నీళ్లు తెచ్చే కాలువ ఎంత ముఖ్యమో మురుగు లాగే డ్రెయిన్ అంతే ముఖ్యం. గుర్రపుడెక్క, తూడు పట్టేసి డ్రెయిన్ లాగకపోతే ఊడ్చిన చేను కుళ్లిపోతుంది. అప్పుడు డ్రెయిన్ బాగు చేయించమని అడుగుతాం గానీ చేను చుట్టూ గట్టు పెంచుకుంటూ కూర్చోం. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం గట్టు పెంచే పనే చేస్తున్నాం.

ముందు బానెట్ ఎత్తండి. ముందు అద్దానికి కింద, వైపర్లు ఉండే చోట, ఈ చివర నుంచి ఆ చివర వరకు నల్ల ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. అద్దం మీద పడిన వాన దాని కిందున్న రేకు తొట్టిలోకి దిగి, చివర్ల ఉన్న కన్నాల్లోంచి ముందు చక్రాల వెనకగా నేల మీదకు పోవాలి. ఏసీ బ్లోయరుకు, అంటే గాలి విసిరే ఫ్యానుకు, బయటి గాలి తీసుకునే నోరు కూడా ఎక్కువ బండ్లలో ఆ తొట్టిలోనే ఉంటుంది, తొట్టి అడుగుభాగం కన్నా కొంచెం ఎత్తులో. కన్నాలు మూసుకుపోతే నీళ్లు తొట్టిలో నిలిచి ఆ నోటి ఎత్తుకు వస్తాయి, అక్కడి నుంచి బ్లోయర్ మీదుగా ఎడమ సీటు కాళ్ల దగ్గరకు దిగుతాయి. అద్దానికి ఎంత సిలికాన్ పూసినా ఈ దారి మూతపడదు, ఎందుకంటే అది అద్దం దారి కానే కాదు.

మూసేది ఏమిటంటే, పెద్ద ఆకులు కాదండి. పెద్ద ఆకు జాలీ మీదే ఆగుతుంది, చేత్తో తీసేస్తాం. లోపలికి జారేది చిన్న సరుకు. మా వైపు కొబ్బరి చెట్టు నీడ లేకుండా బండి పెట్టే చోటు దొరకడం కష్టం. కొబ్బరి పొత్తి విచ్చుకున్న దగ్గర నుంచి మగపువ్వులు రాలుతూనే ఉంటాయి, అవి జాలీ సందుల్లో సరిగ్గా పట్టేంత సైజు. రోడ్డు పక్క చింత, నిద్రగన్నేరు చెట్ల ఆకులూ అంతే. వాటికి దుమ్ము కలిసి, నాని, ఎండి, మళ్లీ నాని గట్టిపడుతుంది.

పోయిన వానాకాలంలో మా పక్కింటి మాస్టారి బండికి ఈ జాలీ విప్పాం. ఎండలో కాసేపు ఉంచి విప్పాం, పాత ప్లాస్టిక్ క్లిప్పులు చల్లగా ఉన్నప్పుడు లాగితే పుటుక్కున విరుగుతాయి. వైపర్ చేతుల నట్లు తీసి జాలీ ఎత్తితే, ఎడమ మూల నాలుగు వేళ్ల మందాన నల్లటి మెత్తటి పెంట, అందులో ఒక రావి మొక్క రెండాకులు వేసి నిలబడి ఉంది. అదంతా చేత్తో తోడి బకెట్లో వేశాం. ఇక్కడ ఒక మాట, చెత్త తీయకుండా ముందే పైపు పెట్టి నీళ్లు కొడితే ఆ పెంట అంతా కన్నంలోకి దిగి ఇంకా గట్టిగా బిగుస్తుంది. తోడాక చెంబుతో నీళ్లు పోస్తే కదల్లేదు. ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి కన్నంలో పెట్టి మెల్లగా ఆడిస్తే ముందు బుడగలు వచ్చాయి, తర్వాత ఒక్కసారిగా గుటగుటమని దిగి చక్రం వెనక నుంచి నల్లగా కారింది. మాస్టారు వంగి చూసి, "ఇన్నాళ్లూ ఇదా అండీ నా కాళ్ల కిందకొచ్చింది" అన్నారు. ఆ బండి అద్దం చుట్టూ అప్పటికే తెల్లగా సిలికాన్ పట్టించి ఉంది. ఆ పని తర్వాత వాన నీళ్లు లోపలికి రాలేదు.

కొన్ని బండ్లలో కన్నం చివర రబ్బరు మూతి ఉంటుంది, రెండు పెదాలు అతుక్కుపోతాయి. వేళ్లతో నలిపి విడదీస్తే చాలు. అడ్డమని దాన్ని కోసి పారేసేవాళ్లు ఉన్నారు, అలా చేయకండి, దుమ్ము, ఇంజను దగ్గరి వాసన వెనక్కి రాకుండా పెట్టింది అది.

ఎడమ కాళ్ల దగ్గర తడికి ఇంకో కారణం ఏసీ. మన బండ్లలో ఏసీ కూలింగ్ కాయిల్ సాధారణంగా గ్లవ్ బాక్సు వెనక ఉంటుంది. గాలిలో తేమ దాని మీద నీళ్లుగా మారి, ఒక చిన్న రబ్బరు పైపులోంచి ఇంజను వైపు గోడ దాటి కిందకు కారుతుంది. మా ఉక్కకు ఏసీ వేసిన బండి ఆగిన చోట మడుగు కట్టడం మామూలు. ఆ మడుగు కనిపించడం మానేసిందంటే బండి బాగుపడిందని అనుకోకండి, నీళ్లు లోపలికి తిరిగాయేమో చూడండి. వానా ఏసీనా అని తేల్చుకోవడం తేలికే. చినుకు లేని రోజున ఏసీ వేసుకుని రావులపాలెం దాకా వెళ్లొస్తే తడి వచ్చిందంటే ఏసీ పైపు. ఏసీ ముట్టుకోకుండా నిలబెట్టిన బండిలో రాత్రి వానకు తడి వచ్చిందంటే పైనుంచి దిగుతున్నట్టు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరినీ బండి మీద చేయి వేయనివ్వకండి.

ఏసీ పైపు శుభ్రం చేయాలంటే కిందకు దూరాలి. జాకీ ఒక్కదాని మీద లేపిన బండి కిందకు ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు, ర్యాంపు మీద పెట్టించండి, లేదా స్టాండ్లు వేయించండి. ఇంజను చల్లారాక, కిందనుంచి ఆ పైపు చివర మెత్తటి నైలాన్ తీగ కొద్దిగా పెట్టి ఆడించాలి. ఇనుప కడ్డీ పెట్టి పొడిస్తే అవతల ఉన్న అల్యూమినియం కాయిల్‌కు కన్నం పడుతుంది, అప్పుడు గ్యాసు పోతుంది, డాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది, పది నిమిషాల పని వేలల్లోకి వెళ్తుంది. ముఖం పక్కకు పెట్టుకోండి, జిగట నీళ్లు ఒక్కసారిగా పడతాయి.

ఆ తడి జిగురుగా ఉండి, రంగు ఉండి, తియ్యటి వాసన వేస్తూ, అద్దం లోపలి వైపు నూనె పొరలా పట్టేస్తుంటే అది వానా కాదు, ఏసీ కాదు, హీటర్ కాయిల్ నుంచి కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, కారుతోంది. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతోందేమో చూసుకుని వెంటనే మెకానిక్ దగ్గరకు వెళ్లండి, అది ఆలస్యం చేస్తే ఇంజను వేడెక్కి పోతుంది.

ఇక డోర్లు. కారు డోరు లోపలికి నీళ్లు దిగకుండా ఎవరూ ఆపలేరు. అద్దం పైకీ కిందకీ జరగాలి కాబట్టి బయట ఉండే బీడింగ్, అంటే రబ్బరు పట్టీ, అద్దాన్ని తుడుస్తుందే గానీ మూసేయదు, ఎండకు అది ముడుచుకుపోయాక ఇంకా ఎక్కువ దిగుతాయి. దిగిన నీళ్లు డోరు అడుగు అంచున ఉన్న కన్నాల్లోంచి పోవాలి. చాలామందికి ఆ కన్నాలు ఉన్నాయనే తెలీదు. డోరు తెరిచి అడుగు అంచు మీద వేలు పెట్టి వెతకండి, చేతికి తగులుతాయి. మట్టి పట్టి మూసుకుపోవడం ఒకటైతే, తుప్పు పట్టకుండా కోటింగ్ వేస్తామని చెప్పి ఆ కన్నాల మీద నుంచే కోటింగ్ కొట్టేయడం ఇంకొకటి. తుప్పు రాకుండా డబ్బులిచ్చి తుప్పు తెచ్చుకోవడమే ఇది. బ్రేకు వేసినప్పుడు, డోరు గట్టిగా వేసినప్పుడు లోపల గలగలమని చప్పుడు వచ్చిందంటే నీళ్లు నిలబడ్డాయి. పలచటి పుల్లతో, పెయింటు గీసుకోకుండా, కన్నాలు తీయండి. గ్లాసుల కొద్దీ నీళ్లు వస్తే ఆశ్చర్యపోకండి. అంతర్వేది, ఓడలరేవు వైపు, ఉప్పు గాలి తగిలే ఊళ్లలో అయితే డోరు అడుగు అంచు రెండు మూడు వానాకాలాల్లోనే బుడిపెలు లేస్తుంది, ఆ తర్వాత టింకరింగ్ తప్ప దారి లేదు.

డోరులో ఇంకోటి ఉంది, ఇది మాత్రం మనుషులు చేసే తప్పు. లోపలి డోరు ప్యాడ్ వెనక ఒక పాలిథిన్ షీటు అంటించి ఉంటుంది. అది అలంకారానికి కాదు. డోరు లోపల కారే నీళ్లు ప్యాడ్ మీద పడకుండా తిరిగి డోరు అడుగుకే దించేది అదే. స్పీకర్లు వేయించినప్పుడో, పవర్ విండో మోటారు మార్చినప్పుడో దాన్ని చింపేసి, తిరిగి అంటించకుండా ప్యాడ్ బిగించేస్తారు. ఆ రోజు నుంచి ప్రతి వానకూ గుమ్మం మీదుగా కార్పెట్‌లోకి నీళ్లు. మీ బండిలో డోరు పని జరిగాకే తడి మొదలైందా అని గుర్తు తెచ్చుకోండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. బాగు చేయడం పెద్ద ఖర్చు కాదు, మందపాటి పాలిథిన్ కొలతకు కోసి, ఎప్పటికీ మెత్తగా ఉండే నల్ల బ్యూటైల్ టేపుతో చుట్టూ అంటించి, కింది అంచును డోరు రేకు లోపలికి దూర్చాలి, బయటికి వేలాడకూడదు. పని చేయిస్తున్నప్పుడు పక్కన నిలబడి "ఆ షీటు అంటించాకే ప్యాడ్ వేయండి" అని అడగడానికి మొహమాటపడకండి.

డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూడండి, నీళ్లుంటే వెనక లైట్ల వెనకున్న రబ్బరు వాషర్లు గట్టిపడ్డాయా, డిక్కీ బీడింగ్ నలిగిందా చూసుకోవాలి. బీడింగ్ పట్టు తెలుసుకోవాలంటే ఒక పాత పేపరు ముక్క దాని మీద పెట్టి మూత వేసి లాగండి. బిగుతుగా రావాలి, తేలిగ్గా జారి వచ్చిన చోట పట్టు పోయినట్టు. హైదరాబాదు నుంచి సన్‌రూఫ్ ఉన్న సెకండ్ హ్యాండ్ బండ్లు తెచ్చుకుంటున్నారు ఈ మధ్య, వాటికి పైన మూలల్లో డ్రెయిన్ పైపులుంటాయి, రూఫ్‌ను మోసే పక్క స్తంభాల లోపలి నుంచి కిందకు దిగుతాయి. వాటిలోకి పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి పూర్తి ప్రెషర్‌తో కొట్టించకండి, లోపల జాయింటు ఊడిపోయి నీళ్లన్నీ సీలింగులోకి వస్తాయి. సన్నటి నైలాన్ తీగ చాలు.

సిలికాన్ వద్దనడానికి నాకు ఇంకో కారణం ఉంది. బాత్రూముల్లో వాడే రకం, పూయగానే వెనిగర్ లాంటి ఘాటు వాసన వేసేది, ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రేకును తినేస్తుంది. పైన నున్నగా కనిపిస్తుంది, కింద అద్దం ఫ్రేము తుప్పు పట్టిపోతుంటుంది. తర్వాత సరైన గమ్ముతో అద్దం వేయిద్దామన్నా ఆ సిలికాన్ మిగిలిన చోట గమ్ము పట్టదు. నిజంగానే అద్దం దగ్గరే కారుతుంటే, గమ్ముతో అతికిన అద్దమైతే విప్పించి, ఫ్రేము తుప్పు గీకించి, ప్రైమర్ వేసి, కార్ల అద్దాలకు వాడే పాలీయురేథేన్‌తో మళ్లీ పెట్టించాలి, అది ఆరేదాకా బండి కదపకూడదు. మారుతి 800, అంబాసిడర్ లాంటి పాత బండ్లకైతే అద్దం చుట్టూ రబ్బరే ఉంటుంది, ఆ రబ్బరు మార్చాలి. అద్దం కారితే తడి సాధారణంగా డాష్‌బోర్డు చివర్ల నుంచి, పక్క స్తంభం వెంబడి వస్తుంది. కుడి వైపు మోకాలి దగ్గర ఫ్యూజ్ బాక్సు ఉన్న బండ్లలో దాని మీదే పడుతుంది, హారన్ దానంతట అది మోగడం, వైపర్లు ఆగిపోవడం అప్పుడే.

ఎక్కడి నుంచో తేలకపోతే వెతికే పద్ధతి ఒకటుంది. లోపల పొడిగా తుడిచి, కార్పెట్ ఎత్తి, అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ చల్లండి. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చోవాలి, ఒకరు బయట మామూలు పైపుతో, ధార మెల్లగా పెట్టి, కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కో చోట కొన్ని నిమిషాలు ఆగుతూ. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లకూ జారి ఏదీ తేలదు. పౌడర్‌లో నీటి చార పడిన చోట నుంచి వెనక్కి వెతుక్కుంటూ పోవడమే. వాటర్ సర్వీసింగ్ గన్‌తో మాత్రం కొట్టొద్దు, ఆ ప్రెషర్‌కు బాగున్న బీడింగ్ కూడా నీళ్లు వదులుతుంది, లేని జబ్బు కనిపెడతారు.

దారి దొరికి బాగుచేశాక కూడా పని అయిపోలేదు. కార్పెట్ పైన ఆరినట్టు కనిపించినా కిందున్న ఫెల్టు, ఫోము నీళ్లు పట్టి ఉంటాయి, శ్రావణ భాద్రపదాల్లో మా గాలికి అవి వాటంతట అవి ఆరవు. సీట్లు విప్పించి కార్పెట్ బయటికి తీసి ఎండలో వేయాలి, ఎండ లేకపోతే పెడస్టల్ ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. సీట్లు విప్పే ముందు బ్యాటరీ వైరు తీయించండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే ఎయిర్‌బ్యాగ్‌వి, తెలిసినవాళ్లే ముట్టుకోవాలి. రొయ్యల చెరువుల దగ్గరి ఉప్పు నీళ్లు వచ్చి ఉంటే ముందు మంచినీళ్లతో కడిగాకే ఆరబెట్టాలి. పెర్ఫ్యూమ్ డబ్బా పెట్టి సరిపెట్టుకుంటే అడుగు రేకు పోతుంది, వైర్ల జాయింట్లు పచ్చబడతాయి, ఆ తర్వాత వచ్చే కరెంటు జబ్బులు ఎక్కడివో ఏ మెకానిక్‌కూ అంతుపట్టదు.

వరదలో మునిగిన బండి సంగతి వేరు, దాన్ని స్టార్ట్ చేయకుండా లాగించుకుని వెళ్లాలి, ఇన్సూరెన్సులో చూసుకోవాలి. 2022 జూలై గోదావరి వరదల్లో లంక ఊళ్లలో ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో అందరం చూశాం. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, ఒండ్రు మరక అక్కడ దాక్కుంటుంది. డ్రెయిన్లు మూసుకుపోయి నెమ్మదిగా వచ్చిన నీళ్లకు మాత్రం ఇన్సూరెన్సు వాళ్లు పైసా ఇవ్వరు, మెయింటెనెన్సు లోపం అంటారు.

ఇప్పుడు నేను అడిగేది. ఎండాకాలంలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసినట్టే, మృగశిర కార్తెకు ముందు ఒకసారి, అక్టోబరు తుపాన్లకు ముందు ఒకసారి కార్ల డ్రెయిన్లు తీయడం సర్వీసింగు పనుల్లో ఒక వరుసగా రాయాలి. ఆయిల్ మార్చాం, ఫిల్టర్ మార్చాం అని రాసే కాగితం మీదే "డ్రెయిన్లు చూశాం" అని కూడా రాయమని షెడ్డుల వాళ్లను మనమే అడగాలి, దానికి కూలి ఇవ్వడానికి వెనకాడకూడదు, వాళ్ల కష్టం వాళ్లది. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ చదివే పిల్లలకు ఇంజను ఎంత శ్రద్ధగా చెప్తారో ఈ కన్నాల సంగతీ అంత శ్రద్ధగా, ఒక పాత బండి విప్పి చూపించి చెప్పమని మాస్టార్లను కోరుతున్నాను. మీరు కూడా వానలకు ముందు ఒక రోజు, బొమ్మ వేసి, ఏ కన్నం ఎక్కడుంటుందో మీ జిల్లా పేజీలో వేయండి, జనం కోసి గోడకు అంటించుకుంటారు.

చోటు చాలక ఉత్తరం తగ్గించాల్సి వస్తే సన్‌రూఫ్, డిక్కీ సంగతులు తీసేయండి. వైపర్ల కింద తొట్టి, ఏసీ పైపు, డోరు కన్నాలు, పాలిథిన్ షీటు, ఇవి మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ.